తొమ్మిదో గడి

ముప్పై ఒక్క ఏళ్ళు లాకుల మీద లస్కరుని.
తలుపు ఎంతెత్తాలో చేతికే తెలిసేది.
ఎక్కువెత్తితే పల్లపు చేలు మునుగుతాయి,
దించేస్తే శివారు రైతు కర్ర పట్టుకొస్తాడు.
ఇద్దరి చేతా తిట్లు తిన్నాను, ఆయ్,
గేజి రాయి మీద పాకుడు గీతనే చూసుకుంటూ.

రిటైరయ్యాక పంచాయతీవాళ్ళు కుర్చీ ఇచ్చారు.
కుర్చీ ముందు టీవీ, టీవీలో తొమ్మిది గడులు.
రొయ్యల చెరువుల మీద రాగి తీగలు పోయాయి,
మూడు రాత్రుల్లో ఏడు మోటార్లు పోయాయి,
ఊరు చందాలేసుకుని కళ్ళు కొనుక్కుంది.
ఒక గడిలో పాలకేంద్రం, ఒక గడిలో చర్చి మెట్లు,
ఇంకోదాంట్లో ఎప్పుడూ ఒకే కుక్క నిద్రపోతుంది.
తొమ్మిదో దాంట్లో నా లాకు వంతెన.

రాత్రి రెండింటికి షెడ్డు బస్సు ఆగుతుందక్కడ.
రొయ్య తలలు తీసి తీసి
వేళ్ళు నానిపోయిన పదిమంది ఆడపిల్లలు దిగుతారు.
ఆ కెమెరా అడిగింది వాళ్ళే.
గ్రామసభలో సువార్త లేచి నిలబడింది:
"మోటార్లకేనా కాపలా? మేం దిగేచోట లైటెయ్యండి,
మా వెనకాల ఎవడొస్తున్నాడో ఎవరో ఒకరు చూడాలి."
ఆ ఎవరో ఒకణ్ణి నేనయ్యాను.
పదిమందీ దిగారా, పదిమందీ మలుపు తిరిగారా,
లెక్కపెడుతుంటే లాకు చక్రం మీద చెయ్యున్నట్టే ఉండేది.

కార్తీకంలో ఓ రాత్రి తొమ్మిదిమందే మలుపు తిరిగారు.
సువార్త పిట్టగోడ మీద కూర్చుంది.
ఐసు లారీ నడిపే కుర్రాడొచ్చాడు.
వేరుసెనక్కాయల పొట్లం. మధ్యలో జానెడు ఖాళీ.
ఏదో అనుకుని నవ్వారు. గడికి శబ్దం లేదు.
అంతే, అంతకన్నా ఏమీ లేదు.
ఇంకేముందోనని
నేనే ముందుకి వంగాను.

టీ తెచ్చిన మేనల్లుడు నా వెనకే నిలబడ్డాడు.
ఫోను తీశాడు.
చూశాను. వద్దనలేదు.
టీ చల్లారిపోతోందన్నాను.

తెల్లారేసరికి ఆ జానెడు ఖాళీ ఎక్కడా లేదు.
చేపల సంతకి చేరేసరికి
వాళ్ళిద్దరూ ఒకే దుప్పట్లో ఉన్నారు.
"తప్పు చెయ్యని పిల్లకి భయమెందుకు?" అన్నారు పెద్దలు.
నేనూ తలూపాను.
ఊపుతుంటే మెడ దగ్గర ఏదో పట్టేసింది.

ధాన్యం పడవల రోజుల్లో
రేవు చీకట్లో ఏడాదిపాటు వీరవేణితో మాట్లాడాను నేను.
చూసినవాడు సరంగు ఒక్కడే.
మేమున్నామని తెలిసి, దూరం నుంచే దగ్గి,
లాంతరు వేరే చేతిలోకి మార్చుకుని వెళ్ళిపోయాడు.
ఆ దగ్గు పుణ్యమే నా పెళ్ళి.

ఆదివారం సువార్త గదికొచ్చింది.
కెమెరా పీకెయ్యమంటుందనుకున్నాను.
"ఉంచు బాబాయ్," అంది.
"మొన్న రత్నమాల వెనకాల బండి పడితే
నువ్వు మైకులో అరవబట్టే కదా అది ఇల్లు చేరింది."
"మరి?"
"ఈ గదికి తాళాలెన్ని?"
సర్పంచిది, సెక్రటరీది, నాది, మేనల్లుడిది. నాలుగు.
"లాకు తలుపుకి?"
ఒక్కటే. మొలతాడుకి కట్టుకుని పడుకునేవాణ్ణి.
తనేం అనలేదు.
పగటి ఎండలో ఖాళీగా ఉన్న వంతెనని
తొమ్మిదో గడిలో చాలాసేపు చూసి,
"ఇంత చిన్నగా కనపడతానా," అంది.

మేనల్లుడి తాళం లాక్కున్నాను. వాడు మాట్లాడ్డం మానేశాడు.
సర్పంచి రేపిస్తానంటున్నాడు, నెలైంది.
సువార్త మళ్ళీ పనికెళ్తోంది.
వాళ్ళ నాన్న అన్నం తింటున్నాడు గానీ
కూతురు వడ్డిస్తే కాదు.

ఇవాళ రెండు దాటింది. బస్సెళ్ళిపోయింది.
తొమ్మిదిమంది మలుపు తిరిగారు.
పిట్టగోడ మీద ఒకరు, కాసేపటికి ఇద్దరు.
గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా
గట్టిగా దగ్గాను.
కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాను.
బయట కాలవ, నీళ్ళ మీద పొగమంచు.
చెవి మాత్రం వంతెన మీదే ఉంచాను.