ఇనుము, సున్నా పాయింట్ మూడు

బయట మైనస్ ముప్ఫై ఎనిమిది.
కిటికీకి లోపలివైపు కూడా మంచే.
నోవోసిబిర్స్క్ శివారులో, మా ప్రయోగశాల నేలమాళిగలో
రుస్తం మిల్లు మూత బిగిస్తున్నాడు.
జీతాలు ఆగి ఐదు నెలలు.
ఆర్గాన్ సిలిండర్ మాత్రం ఎలాగో పుట్టించాడు,
ఎవరిదో పాత ట్రాక్టర్‌కి గేర్లు బాగుచేసి.

నికెల్ తొంభై ఎనిమిది పాళ్ళు,
ఇట్రియం ఆక్సైడ్ రెండు.
ఒకటి మెత్తన, కొడితే సాగుతుంది.
రెండోది మొండిఘటం, పగులుతుంది గానీ వంగదు.
కరిగించి కలుపుదామంటే
పాల మీద మీగడలా ఆక్సైడ్ పైకి తేలిపోతుంది.
అందుకే ఈ పెళ్ళికి అగ్ని లేదు.
ఉక్కు గుండ్లే సాక్షి.

మీట నొక్కాడు.
మాటలు ఆగిపోయాయి.

మొదటి గంటలో పొడి అటుకులవుతుంది,
ఆ తర్వాత అతుకులు.
రేకు మీద రేకు,
మధ్యలో ఇరుక్కున్న తెల్లటి నలుసు.
పగిలి, పగిలిన చోటే మళ్ళీ అంటుకుని,
మళ్ళీ పగిలి,
ఎనిమిదో గంటకి నేను సూక్ష్మదర్శినిలో చూస్తే
ఒక్కో రేణువూ ఒక మడతకాజా.
ఇరవయ్యో గంటకి ఆ పొరలూ కనిపించవు.

చిటికెడు స్టియరిక్ ఆమ్లం మరవకూడదు.
మరిస్తే సరుకంతా గోడకి కరుచుకుంటుంది,
ఉలి పెట్టి గీకాలి.
"మా అత్తగారింటికి వెళ్ళేటప్పుడూ
జేబులో ఇదే వేసుకెళ్తాను ఫైనా!"
అని అరిచేవాడు. ఎడమ చెవి వినపడదు,
అందుకని లోకానికంతటికీ చెవుడనుకునేవాడు.
పని చేసే కుడిచెవి మాత్రం డ్రమ్ముకి ఆనించి
ఖణఖణ దబదబగా మారిన క్షణాన
"అయింది" అనేవాడు.
గడియారం చూసేదాన్ని నేను. చూడనివాడు అతను.

నెలాఖరున గుండ్లన్నీ స్పిరిట్‌తో కడిగి
ఒక్కొక్కటే తూచి రాసేవాడు.
కడగ్గా మిగిలిన స్పిరిట్ సంగతి ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరిలో విశ్లేషణ వచ్చింది:
ఇనుము, సున్నా పాయింట్ మూడు.
నేను 'మాలిన్యం' గడిలో రాశాను.
రుస్తం వేలు అక్కడే ఆగింది.
"ఇనుము నేను వెయ్యలేదే."
"గుండ్లు అరిగాయి, అందులోది."
"మరి అలాగే రాయి. మాలిన్యమని ఎందుకు?"
ఆ ఫారంలో వేరే గడి లేదు.
ఉన్నదాంట్లోనే ఉంచేశాను.

మార్చిలో అతను రావడం మానేశాడు.
ఉఫాలో అక్క దగ్గరున్నాడని ఒకరు,
సంతలో పారలు అమ్ముతున్నాడని ఒకరు.
అతని పొడితో చేసిన కడ్డీ మాత్రం
పై అంతస్తులో, వెయ్యి డిగ్రీల కొలిమిలో
బరువు మోస్తూ వేలాడుతోంది.
వారమైంది. వెంట్రుకవాసి సాగింది, అంతే.

ఇవాళ సొరుగులో అతని నోట్‌బుక్ దొరికింది.
గళ్ళ కాగితం, పెన్సిలు రాత.
పదిహేడో గుండు: నాలుగు పాయింట్ సున్నా ఆరు,
నాలుగు పాయింట్ సున్నా నాలుగు,
నాలుగు పాయింట్ సున్నా ఒకటి.
అంకెలన్నీ దిగుతూ పోతున్నాయి.
అట్టడుగున గుండ్ల జాబితా అయిపోయాక
ఇంకో వరస ఉంది, దానికి నంబరు లేదు:
అక్టోబరు డెబ్బై నాలుగు.
డిసెంబరు డెబ్బై.
ఫిబ్రవరి అరవై ఆరు.

గ్రాములనుకుని ముందు తప్పు దిద్దబోయాను.
తర్వాత గుర్తొచ్చింది,
నడవాలో బస్తాలు తూచే కాటా.