గింతేనా

రాత్రి పదకొండున్నరకు మిర్యాలగూడ మిల్లుల
కలర్ సార్టర్ కండ్లు మూసుకుంది.
దేవరకొండల మబ్బుల బస్సెక్కి నేను దిగేసరికి
గేటు బయట పద్నాలుగు లారీలు,
గుమస్తా గొంతు అప్పటికే బొంగురు.

మిషిన్ తలుపు తీస్తే తౌడు.
ఫ్యాను రెక్కల మీద తౌడు, తీగల మీద తౌడు,
నా ముక్కుల తౌడు.
బ్రష్షుతో తుడిచి తుడిచి
అడుగున పెద్ద పలక దాకా పోయిన.
దాని మీద, ఐదు మరలతోటి బిగిసి,
అరచెయ్యంత బోర్డు.
పొగ లేదు, కాలిన వాసన లేదు.
అడిగినదానికి జవాబు చెప్పుడు మానేసింది, అంతే.

"మిషినంతా పోయినట్టేనా ఇంజనీరమ్మా?"
జానయ్యకు బ్యాంకు కిస్తీ యాదికొచ్చింది, తనది కాకపోయినా.
"లేదన్నా. పెద్ద పలకంటే చేతులూ కాళ్లూ.
కెమెరాల తీగలు, గాలి కొట్టే వాల్వుల తీగలు
అన్నీ దానికే. అవి మంచిగనే ఉన్నయి.
పోయింది తలకాయ. తలకాయ విడిగ దొరుకుతది."
ఆయన నవ్విండు.
"మిషిన్ల నసీబు."

చేసిన కంపెనీ ఆ తలకాయను బంద్ పెట్టి మూడేండ్లు.
నా సంచిల ఉన్నది వేరే దేశంది,
చిప్పు వేరు, రంగు వేరు,
మరల తొర్రలు మాత్రం ఎక్కడియక్కడనే.
అడుగున నాలుగు వందల నలబై కాళ్లు.
ఏ కాలుకు కరెంటు, ఏ కాలుకు బొమ్మ, ఏ కాలు ఉత్త భూమి,
ఒకరంటే ఒకరికి పడని కంపెనీలోళ్లు
ఎన్నడో ఒక్క బల్ల చుట్టూ కూసొని రాసుకున్నరు.

మా నాయనమ్మ ఇత్తడి మానిక
ఏ కంచరాయన పోసిండో గాని
పక్కింటి జొన్నలకు గూడ సరిపోయేది.
సరిపోయేది అంటున్న గాని,
షావుకారింట్ల రెండు మానికలుండె.
ఇచ్చేటప్పుడొకటి, తీసుకునేటప్పుడొకటి.
అందుకే నలుగురి ముందట రాసిన కొలతంటే
నాకు మర్యాద.

రెండు బొటనవేళ్లతోటి సమానంగ ఒత్తిన.
టిక్కుమంది.

ఊడ్వొచ్చిన సైదమ్మ చీపురు చంకల వెట్టి
పాత బోర్డును చేతిలకు తీసుకుంది.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"గింతేనా?"
ఈ మిషిన్ రాకముందు ఈ షెడ్డులనే
పద్దెనిమిది మంది ఆడోళ్లు చాటలు వట్టి
నల్లగింజ ఏరేటోళ్లట.
"పద్దెనిమిది మందిమి గిండ్లనే పట్టినమా?"
నేను స్క్రూడ్రైవర్ వెతుక్కున్న.
అది నా చేతిలనే ఉంది.

స్విచ్చి వేస్తే చూపొచ్చింది.
కొత్త తలకాయకు బియ్యం తెలుసు,
ఈ బియ్యం తెల్వదు.
వెయ్యిపది రకం పోస్తే టప టప గాలి కొట్టి
మంచి గింజను గూడ రిజెక్టు తొట్టిలకు తోలుతుంది.
పాత అంకెలు పాతదానితోటే పోయినయి.
జానయ్య నోటికి రావు.
మాన్యువల్ చూస్తే చైనా అక్షరాలు.

సైదమ్మ తొట్టిల చెయ్యి వెట్టి
దోసెడెత్తి లైటు కిందికి తెచ్చింది.
బొటనవేలుతోటి నాలుగు గింజలు జరిపింది.
"ఇది మంచిది. ఇదీ మంచిదే.
దీని కడుపుల తెలుపుంది, అది తప్పు గాదు.
ఇగో, గిది పోయేది."
నేను అంకె దించిన. "ఇంకింత."
దించిన. "ఎక్కువైంది, మల్ల జర ఎక్కియ్యి."

లారీ డ్రైవర్లు రెండోసారి చాయ్ తాగి వచ్చేదాక
గట్లనే, ఆమె దోసిలి, నా వేలు.
గాలి చప్పుడు పలచనైంది.
తొట్టిల నల్లవే రాలుతున్నయి.

తలుపు లోపటి దిక్కు పెన్సిలుతోటి రాసిన:
వెయ్యిపది, నలబై మూడు, అరవై ఒకటి.
కింద తేదీ. తేదీ పక్కన సైదమ్మ అని.
రేపొచ్చే తలకాయ ఎవరు చేసిందైనా
ఈ తలుపు తెరిచినోళ్లు చదువుకుంటరు.

"ఏం రాస్తున్నవ్?"
"నీ పేరు."
ఆమె తలుపు దిక్కు చూడలే.
"పనిల పనిగ కూలి గూడ రాయరాదూ,"
అనుకుంట చీపురు దించి
నేను రాల్చిన తౌడు ఊడ్వబట్టింది.