తిరిగొచ్చిన సరుకు

కాకినాడ రేవులో ఆ పెట్టె దిగి పదకొండో రోజు.
మనదే. మార్చిలో షిప్పింగ్ బిల్లు నేనే రాశాను:
రొయ్యలు, ఒలిచినవి, గడ్డకట్టినవి,
చెరువు ఉప్పలగుప్తం వైపు.
అక్కడెవరో ఏదో మందు ఛాయ ఉందన్నారట.
వద్దన్నారు.

వద్దన్నాక ఇంటికి రావడమూ దిగుమతే.
ఇక్కడి ఉప్పునీటికి, ఇక్కడి తవుడుకి
సుంకమెంతో లెక్క కట్టమంటుంది కాయితం.
వెళ్లిందే వచ్చిందని తేలితే మాఫీ.
తేలాలి గదా.

సీలు తెంచారు. పొగలా చలి.
అట్టపెట్టె మీద లాటు నంబరు తడిసి, ఒక అంకె
మూడో ఎనిమిదో చెప్పలేనట్టుంది.
ఆఫీసరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు, రెండుసార్లు.

మళ్లీ సర్దడానికి పిలిచిన షెడ్డు ఆడవాళ్లలో
కొప్పాడి నూకరత్నం ఒక రొయ్యని
అరచేతిలో కరగనిచ్చి, తిప్పి చూసి,
"ఇది నా ఒలుపేనండి" అంది.
"బొటనేలు తెగిన కాడ్నించీ తోక దగ్గర
కూతంత చీలుద్దండి నాకు. మేస్త్రి తిట్టేవోడు."

వరసగా ఏడు తీసింది.
ఏడింటికీ అదే చీలిక.

ఆయన నా వంక చూశారు. నేను ఫారం వంక చూశాను.
గుర్తింపు చిహ్నాలు అన్నచోట
బెత్తెడు గీత కూడా లేదు.
పక్కన ఖాళీలో ఇరికించి రాశాను, ఆమె చెప్పింది చెప్పినట్టు.

సంతకం రాదంది.
ఇంకు ప్యాడు మీద ఆ వేలే ఆనించింది.
ముద్రలో అడ్డంగా, తెల్లగా,
చిన్న చీలిక.

సోమవారం రమ్మన్నారు.
పెట్టెకి అద్దె నడుస్తూనే ఉంది.