నారిన్ సంతలో

"పచ్చగా ఉంటే చాలనుకోకు" అంటాడు తొక్తోసున్,
పచ్చటి మోపులే అమ్ముతూ.

బురుల్చా బదులివ్వదు.
మోపులోకి మోచేతిదాకా చెయ్యి దూరుస్తుంది.
లోపల వెచ్చగా తగిలితే
ఆ బండి దాటిపోతుంది.

పరక విరుస్తుంది.
ఫట్‌మంటే ఆవులకి,
వేలికి చుట్టుకుంటే గుర్రానికి.
ఈనబోయే గొర్రెలకి లూసర్న్, రెండే మోపులు.

దులిపితే పొగలా లేచేది
ఎవరికీ వద్దు.
పోయిన చలికాలమంతా
కొట్టం గోడకవతల ముసలి గుర్రం దగ్గు
లెక్కపెడుతూ పడుకుంది తను.

ఎండకి వెలిసిన ఓ మోపు దగ్గర ఆగి
గుప్పెడు తీసి వాసన చూసింది.
"ఎప్పుడు కోశారు?"
పొద్దుట్నుంచీ అదే మొదటి మాట.
"పూత రాకముందే. ఒక్క చినుకు పడలేదు."

ఇంకా బేరమాడదామని వెనక్కి తిరిగితే
పగ్గం సాగదీసుకుని
ముసలిది
అప్పటికే నములుతోంది.