పడ్డాయి

సందేళ కంది చేలో కలుపు తీస్తుంటే
రొంటిన ఫోను గుర్రుమంది.
మా పాప చదివింది:
నీటికుంట సబ్సిడీ,
అక్షరాలా ముప్పై ఎనిమిది వేలు,
మాలకొండారెడ్డి ఖాతాలో జమ.

ఆయనుండేది ఒంగోల్లో.
కాయితం రాసేనాడు కొత్త నంబరు నోటికి రాక
నాది చెప్పాడు.

కుంట తవ్వింది మా చలమయ్య, నేను, నా తోడికోడలు.
పామూరు రోడ్డు పక్క నేల,
మూరెడు దిగితే తెల్లరాయి.
గడ్డపలుగు మూడుసార్లు కొలిమికి పోయొచ్చింది.

ఫొటో నాడు మాత్రం రెడ్డి కారు దిగాడు,
పాసుబుక్కు గుండెకానించి నిలబడ్డాడు.
"కౌలోళ్లు కాస్త పక్కకి" అన్నాడు ఫొటో తీసే కుర్రాడు.
జరిగాం.
పొద్దు వాలుందేమో
మా నీడలు ఆయన కాళ్ల దగ్గరే ఉండిపోయాయి.
ఇప్పుడవి ఏ ఆఫీసులో ఉన్నాయో, మూడు నీడలు.

నేనే ఫోను చేశా.
"రెడ్డిగారూ, పడ్డాయి."
"వానా?"
"కాదు, డబ్బులు."
అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
"ఈ ఏడు కౌలు ఓ వెయ్యి తగ్గించుకోండి" అన్నాడు చివరికి.
ఎందుకని నేనడగలేదు,
ఆయనా చెప్పలేదు.

పాప మెసేజు తీసెయ్యబోతే
ఉండనియ్యమన్నా.
ఉంటే తినేదేముంది దాన్ని.

కుంట అడుక్కి మేకపిల్ల దిగింది.
మూతితో మట్టి తోడి
వాసన చూసి
మళ్లీ తోడుతోంది.