మిగులు

చిలోయే దీవి పడమటి ఒడ్డున
ఆ వారమంతా ఆటు అడుగంటేది తెల్లవారే వేళకే.
అంతకుముందే ఉబెర్లిండా నవెల్కిన్
రబ్బరు బూట్లలోకి ఉన్ని మేజోళ్ళు దోపుకుని
నా తలుపు తట్టకుండానే ముందు నడిచేది.
వెనక నేను, అర మీటరు ఇనప చట్రం,
తడవని కాగితాలు, ముక్కు కారే జలుబు.

రాతిమీద చట్రం వేస్తాను. లెక్కపెడతాను.
పైన, నీళ్ళు ఎప్పుడోగాని తాకని చోట
పొక్కుల్లాంటి బార్నకిల్స్, ఎండకు ఓర్చినవి.
వాటికింద నల్లటి ఆల్చిప్పలు
పండగ రైలుపెట్టెలో జనంలా ఒకదాని భుజంమీద ఒకటి.
ఇంకా కింద, నురగ విరిగేచోట, లోకో.
పిడికిలంత నత్త. ఆల్చిప్పల్ని తిని బతుకుతుంది.
ఓత్వం తీసి సున్న పెడితే నా భాషలో లోకం
అని చెబితే ఆమె నవ్వలేదు.
"దాన్ని కిలో ఎంతకి అమ్ముతారు?" అంది.

నా పట్టికలో ఆరు గడులు.
నీటి చలి, ఉప్పు, అల తాకిడి, రాతి వాలు,
రాయి ఏ దిక్కుకు తిరిగిందన్నది
(ఇక్కడ ఉత్తరం చూసే రాయే కాలేది,
ఈ తిరగబడ్డ ఆకాశం నాకింకా అలవాటు కాలేదు),
ఎన్ని గంటలు నీటి బయట ఉందన్నది.
రాత్రి కంప్యూటరు వీటన్నిటినీ కలిపి
ఒడ్డు పొడుగునా రంగు పూస్తుంది.
ఎరుపులో ఉండాలి. నీలంలో ఉండకూడదు.
ముప్పైతొమ్మిది చోట్లు దాని మాట విన్నాయి.

నలభయ్యోది, దక్షిణపు కొమ్ము దాటాక ఒక చీలిక.
వాలు నిటారు, అల మరీ మొరటు.
లెక్క ప్రకారం అక్కడ ఒకటో, అదీ లేకపోవడమో.
చట్రంలో పంతొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. థర్మామీటరు మార్చాను.
మూడోరోజు ఆ నీళ్ళు సీసాలో పట్టి
దీపానికి ఎదురుగా పెట్టుకుని వెర్రిదానిలా చూశాను.
ఉబెర్లిండా మాత్రం ఆ చీలికలోకి దిగదు.
నా తాడు చివర నడుముకు చుట్టుకుని పైనే నిలబడి
సముద్రాన్ని కాదు, తన బూట్లను చూసుకుంటుంది.

నాలుగోరోజు ముడి బిగిస్తూ చెప్పింది:
"మా ఎలియోదోరో జారింది ఇక్కడే.
పద్నాలుగేళ్ళయింది. అప్పట్నుంచి
ఈ కొమ్ము దాటి ఎవరూ ఏరలేదు, పక్కూరివాళ్ళు కూడా.
ఏరొద్దని ఎవరూ అనలేదు మరి."

కాగితంలో ఏడో గడికి చోటుంది.
దాని తలమీద ఏం రాయాలి?
ఏ ప్రమాణంలో కొలవాలి?
అసలు ఆ ముప్పైతొమ్మిది చోట్లా
నేను చలి అనీ వాలు అనీ రాసుకున్నదాంట్లో
ఎన్ని చేతులున్నాయో, ఎన్ని బుట్టలో,
కిలో ఎంతో.

పోటు వచ్చేస్తోంది. పైనుంచి తాడు లాగింది.
పాకుతూ ఎక్కి రాతిమీద కూలబడ్డాను.
"ఎన్ని?" అని అడిగింది, ఇన్నాళ్ళలో మొదటిసారి.
పంతొమ్మిదన్నాను.
తలూపింది,
ఇంటినుంచి వచ్చిన క్షేమసమాచారం విన్నట్టు.