గాజు పట్టని గుడ్డు

అబ్బులు కొట్లో నాటుగుడ్లకి తక్కెడ లేదు,
ఓ చంటిపిల్ల గాజు ఉంది.
గుడ్డు అందులోంచి జారి అరచేతిలో పడితే ఎనిమిది,
మధ్యలో ఇరుక్కుంటే పన్నెండు.
బేరం లేదు. గాజుతో ఎవరు వాదిస్తారు?

మా ఎర్రపెట్టవీ, దాని కూతుళ్ళు నాలుగింటివీ
నిరుడంతా జారేవి.
పొద్దున దోసెడు నూకలు, సందేళ ఇంకో దోసెడు,
మధ్యలో కాలవగట్టు మీద వాటి కష్టం అవి పడేవి.
"నీ పెట్టలు గోళీలు పెడతన్నాయి పల్లాలమ్మా"
అని నవ్వేవాడు, సైకిలు గొలుసుకి నూనె రాసుకుంటూ.

వానలు పడ్డాక రొయ్యల షెడ్డులో కుదిరాను.
ఐసుకి వేళ్ళు కొయ్యబారేదాకా తలకాయలు తుంచడం.
మేస్త్రీకి చెప్పే తెచ్చుకునేదాన్ని, రోజుకో డబ్బాడు.
ఉడకబెట్టి, రేకు మీద ఎండేసి, రోట్లో దంచి
తవుట్లో కలిపాను.
పెంకు గట్టిపడాలని ఏటిగుల్లలు నలగ్గొట్టి పక్కన పోశాను.

మూడోవారం గాజు పట్టేసింది.
అబ్బులు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు,
నొక్కబోయి ఆగి
గాజువైపే అనుమానంగా చూశాడు.

ఆశకి పోయి నేను తలకాయలు రెట్టింపు చేశాను.
పదిరోజుల్లో టీచరమ్మ గుడ్లు తిప్పి పంపింది:
"అట్టేస్తే ఇల్లంతా ఉప్పుటేరు కంపు."
పెట్ట ఏదీ దాచుకోదు,
పెట్టిందే పెడుతుంది.

తలకాయలు తగ్గించాను. కొబ్బరిపిండి కాస్త,
పుచ్చిన తాటిమొద్దు కింద చెదలు కాస్త.

ఓ రాత్రి రోలు కడుగుతుంటే గుర్తొచ్చింది.
మా మాణిక్యం కడుపులో ఉన్నప్పుడు
నేనూ నూకలజావే తాగాను, నడుం వంచి కలుపు తీస్తూ.
నర్సమ్మ పిల్లని పళ్ళెంలో పెట్టి, ముల్లు చూసి
"రెండు కేజీలైనా లేదు. ఏం తిన్నావే నువ్వు?" అంది.
అప్పుడు నోరు రాలేదు.
ఇరవయ్యొక్కేళ్ళకి జవాబు దొరికింది,
రోట్లో, రొయ్యమీసాల మధ్య.

ఇప్పుడు మాణిక్యానికి ఐదో నెల.
రాజోలు సంతలో అబ్బులు గాజు కొలతే ఒకటి కొన్నాను.
జారినవి కొట్టుకి.
ఇరుక్కున్నవి దాని కంచంలోకి.

"మళ్ళీ గోళీలేనా?" అంటాడు అబ్బులు.
"ఎండలు కదా, మేత ముట్టట్లేదు" అంటాను.
అదీ కొంత నిజమే.
ఎర్రపెట్ట మాత్రం గంప సందులోంచి
నా గుప్పెట్లో ఇవాళ ఏముందోనని
ఒక్క కన్నుతో చూస్తూ ఉంటుంది.